లాక్‌డౌన్‌లో టేకు డెక్: ముందు నీరు ఎక్కడ దిగుతోందో పట్టుకోండి

ప్రశ్న: మాది రాజమండ్రి. నేనూ మా వారూ సింగపూర్‌లో ఉద్యోగాలు చేసి, ఆ డబ్బుతో ఒక పాత తెరచాప పడవ కొనుక్కున్నాం. 1980ల్లో తైవాన్‌లో కట్టిన 38 అడుగుల పడవ. డెక్, అంటే పైన నడిచే తలం, అంతా టేకు. ఇప్పుడు మా ఇల్లూ వాకిలీ అదే. ఈ ఏడాది, అంటే 2020 మొదట్లో, మలేషియాలోని లంకావి దీవికి వచ్చాం. మార్చి 18న మలేషియాలో లాక్‌డౌన్ మొదలైనప్పటి నుంచి ఇక్కడి మరీనాలోనే (పడవలు కట్టేసుకునే రేవు) ఉండిపోయాం. డెక్ బూడిదరంగుకి తిరిగింది, అక్కడక్కడా నల్లమచ్చలు. టేకు పట్టీల మధ్య సందుల్లో నింపిన రబ్బరు లాంటి నల్ల కాకింగ్ కొన్నిచోట్ల లేచిపోయింది. స్క్రూల మీద ఉండే టేకు బిళ్లలు కొన్ని ఊడిపోయాయి. వాన పడితే మేం పడుకునే చోట చుక్కలు పడుతున్నాయి. ఎలాగూ ఖాళీగా ఉన్నాం కదా, డెక్ మొత్తం సాండర్‌తో (చెక్కని అరగదీసే యంత్రం) నున్నగా చేసి నూనె పట్టిద్దాం అంటున్నారు మా వారు. పక్క పడవ ఆయన రెండు సీసాల క్లీనర్ ఇస్తానన్నాడు. మరీనాలో ప్రెషర్ వాషర్ కూడా ఉంది. సరుకులు వచ్చినప్పుడల్లా వైరస్ భయంతో డెక్‌ని బ్లీచింగ్ నీళ్లతో కడుగుతున్నాను. మా దగ్గర కాకింగ్ ట్యూబులు నాలుగే ఉన్నాయి. మా నాన్నగారు ఇంటి టేకు తలుపులకు ఏటా నూనె రాసేవారు, అవి ఇప్పటికీ చెక్కుచెదరలేదు. డెక్‌కి కూడా అదే మంచిదా? ఏ పని ముందు మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, లంకావి

సమాధానం:

అమ్మా, సాండర్‌ని ఈ రోజే పెట్టెలో పెట్టించేయండి. బ్లీచింగ్ నీళ్లు కూడా ఈ రోజే ఆపండి. ప్రెషర్ వాషర్, రెండు సీసాల క్లీనర్ జోలికి అసలు వెళ్లకండి. మీరు చెప్పినవాటిలో తొందరపడాల్సింది ఒక్కటే: పడక మీద పడుతున్న ఆ చుక్కలు. డెక్ బూడిదరంగులో ఉన్నా పడవకి వచ్చే నష్టం ఏమీ లేదు. నీరు దిగుతూ ఉంటే మాత్రం ఇంకో రెండు మూడు వానాకాలాలకి డెక్ లోపలి చెక్క పొర కుళ్లిపోవచ్చు. ఆ రిపేరుకి అయ్యే ఖర్చు వింటే నిద్ర పట్టదు. కాబట్టి దొరికిన ఖాళీ సమయమంతా ఆ నీటి వెంట పడడానికి వాడండి.

ముందు ఆ బూడిదరంగు సంగతి. ఎండలోని అతినీలలోహిత కిరణాలకి చెక్క పైపొరలో నారని పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం విరిగిపోతుంది, వాన దాన్ని కడిగేస్తుంది, మిగిలిన నార వెండిరంగులో కనిపిస్తుంది. ఇదంతా పైపైన జరిగేదే. ఎక్కడైనా మూలన గోటితో గట్టిగా గీకి చూడండి, కింద తేనెరంగు చెక్క అలాగే ఉంటుంది. టేకు చేవలో సహజమైన నూనెలుంటాయి, అవి పురుగునీ కుళ్లునీ దగ్గరికి రానివ్వవు. బొంబాయి డాక్‌యార్డులో వాడియాలనే నౌకా నిర్మాతల కుటుంబం మలబారు టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక 1817లో నీటిలోకి దిగింది. ఇవాళ్టికీ ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో తేలుతూనే ఉంది. అయితే అందులో వాడినవి లావుపాటి దుంగలు, పలకలు. మీ డెక్ మీద ఉన్నది ఫైబర్‌గ్లాస్ మీద పరిచిన సన్నని పట్టీ. చెక్క జాతి ఒకటే అయినా మందం సంగతి పూర్తిగా వేరు.

మీ పడవ కట్టినప్పుడు ఆ పట్టీ మందం సుమారు 12 మిల్లీమీటర్లు ఉండి ఉంటుంది. ఆ కాలపు తైవాన్ పడవల్లో చాలావాటికి టేకు పట్టీల్ని స్క్రూలతో ఫైబర్‌గ్లాస్‌లోకి బిగించారు. ఒక్కో పడవకి వేల స్క్రూలు. ప్రతి స్క్రూ తలనీ పట్టీ మందంలో సగం లోతుకి దించి, పైన గుండ్రటి టేకు బిళ్ల జిగురుతో అతికించారు. అంటే కొత్తలో కూడా స్క్రూ తల మీద ఉన్న చెక్క ఐదారు మిల్లీమీటర్లే. ఇన్నేళ్లలో పాత యజమానులు ఎన్నిసార్లు సాండ్ చేశారో మీకు తెలియదు. కానీ బిళ్లలు ఊడుతున్నాయంటే అవి బాగా పలచబడి ఉండాలి, పట్టు దొరకని స్థితికి వచ్చి ఉండాలి. ఇప్పుడు డెక్ మొత్తం నున్నగా చేస్తే అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా పోతుంది. సానరాయి మీద గంధపు చెక్క అరిగినట్టు అరగడమే తప్ప తిరిగి పెరగదు. నేను చూసిన పాత టేకు డెక్‌లలో ఎక్కువవాటిని పాడుచేసింది సముద్రమూ కాదు, ఎండా కాదు. శుభ్రంగా ఉండాలన్న ప్రేమతో చేతులు ఊరుకోని యజమానులే. ఈ లాక్‌డౌన్‌లో అలాంటి ప్రేమకి సమయం కూడా దొరికింది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మందం ఎంత మిగిలిందో కొలవడం సులభం. ఊడిపోయిన బిళ్ల స్థానంలో స్క్రూ తల కనిపిస్తుంది కదా, ఆ గుంటలో అగ్గిపుల్ల నిలబెట్టి, డెక్ మట్టానికి గోటితో గుర్తు పెట్టి, స్కేలుతో కొలవండి. అది స్క్రూ తల మీద ఉన్న చెక్క లోతు. పట్టీ పూర్తి మందం కావాలంటే కాకింగ్ ఊడిపోయిన సందులో అలాగే కొలవండి. సందుని పట్టీ అడుగు దాకా కాకుండా కొంత లోతు వరకే తవ్విన పడవలూ ఉంటాయి కాబట్టి, హ్యాచ్ (లోపలికి దిగే మూత ద్వారం) అంచు దగ్గరో, నీరు బయటికి పోయే కంత దగ్గరో పట్టీ తెగిన అంచు కనిపిస్తే అక్కడ కూడా చూడండి. డెక్ మీద నడిచే దారిలోనూ, ఎవరూ తొక్కని మూలల్లోనూ విడివిడిగా కొలిచి రాసుకోండి, తేడా తెలుస్తుంది. పట్టీ మందం ఆరు మిల్లీమీటర్లకు తగ్గిపోయి ఉంటే, అది కాకింగ్‌నీ పట్టి ఉంచలేదు, బిళ్లనీ పట్టి ఉంచలేదు. ఎనిమిది, తొమ్మిది ఉందంటే ఇంకా చాలా ఏళ్లు నడిచే డెక్ మీది.

ప్రెషర్ వాషర్ ఎందుకు వద్దన్నానంటే, టేకు అడ్డకోతలో గట్టి చారలూ మెత్తని చారలూ పక్కపక్కనే ఉంటాయి. నీటి ధాటికి మెత్తని చార లేచిపోతుంది, గట్టి చార గట్టులా మిగులుతుంది. అప్పుడు డెక్ గరుకుగా తయారవుతుంది, గాడుల్లో మురికీ బూజూ చేరతాయి, మళ్లీ దాన్ని నున్నగా చెయ్యడానికి సాండర్ కావాలి. గట్టి బ్రష్‌తో చారల వెంబడి రుద్దినా జరిగేది అదే, కాకపోతే నెమ్మదిగా జరుగుతుంది. రెండు సీసాల క్లీనర్‌లో ఒకటి ఘాటైన క్షారం, రెండోది దాన్ని విరిచే ఆమ్లం. వాడిన అరగంటకి డెక్ కొత్త బంగారంలా మెరుస్తుంది, అది నిజమే. ఆ మెరుపు కోసం మెత్తని చారలు కరిగిపోతాయి, చెక్కలో ఉన్న నూనె పోతుంది, కాకింగ్ పట్టు సడలుతుంది. పక్క పడవ ఆయనది మంచి మనసే. సీసాలు వద్దని మర్యాదగా చెప్పి, సాండ్ పేపరో మాస్కింగ్ టేపో ఉంటే అడగండి, అవి మీకు పనికొస్తాయి.

ఇక బ్లీచింగ్. మీ భయం నాకు అర్థమైంది. ఇంటికి సరుకులొస్తే సంచీలు కడిగి ఎండలో పెట్టే రోజులివి. కానీ డెక్ మీద బ్లీచింగ్ పోస్తే మూడు రకాలుగా నష్టం. అది చెక్కలోని లిగ్నిన్‌ని తినేస్తుంది. పాత పడవల్లో ఎక్కువగా వాడిన పాలీసల్ఫైడ్ కాకింగ్‌ని మెత్తబరుస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు రెయిలింగ్ కంబాల అడుగున, తెరచాప తాళ్లు బిగించిన పలకల దగ్గర నిలిచిపోయి లోహానికి గుంటలు పెడుతుంది. మీ నల్ల కాకింగ్ కొన్నిచోట్ల లేవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, మామూలు సబ్బు నీళ్లకే అది విడిపోతుంది. అందుకని సరుకులు తెచ్చే పద్ధతి మార్చండి. పడవ ఎక్కే చోట ఒక వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు పెట్టుకోండి. సంచీలన్నీ అందులోనే దించి, కడగాల్సినవి అక్కడే సబ్బు నీళ్లతో కడిగి, చేతులు ఇరవై సెకన్లు రుద్ది కడుక్కుని లోపలికి వెళ్లండి. చెప్పులు ఆ టబ్బు పక్కనే వదిలేయండి. డెక్‌కి మందు పట్టించాల్సిన పని లేదు.

డెక్‌కి నిజంగా మంచి చేసేది సముద్రపు నీరు. ఉప్పు గాలిలో తేమని పట్టి ఉంచుతుంది కాబట్టి చెక్క మరీ ఎండిపోయి ముడుచుకుపోదు, సందులు విచ్చుకోవు, బూజు కూడా అంత సులభంగా పట్టదు. వారానికి ఒకటి రెండుసార్లు, ఎండ తగ్గాక, రెండు బకెట్ల ఉప్పునీళ్లు పోసి, మెత్తని స్పాంజితోనో మెత్తని బ్రష్‌తోనో చారలకు అడ్డంగా, చెయ్యి బరువు వెయ్యకుండా రుద్దండి. అంతే. మరీనా నీటి మీద డీజిల్ పొర తేలుతుంటే ఆ నీరు వద్దు. కుళాయి నీళ్లలో గుప్పెడు ఉప్పు కలుపుకోండి. నూనె మరక పడితే గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క చాలు. నల్లమచ్చలు చాలావరకు బూజే. ఇలా కడుగుతూ, గాలీ వెలుతురూ తగిలేలా ఉంచితే పలచబడతాయి. పూర్తిగా పోకపోయినా నష్టం లేదు.

ఇప్పుడు అసలు పని. చుక్క పడిన చోటి పైనే కంత ఉంటుందనుకోకండి. టేకు కింద చేరిన నీరు ఏదో ఒక స్క్రూ కంతలోంచి ఫైబర్‌గ్లాస్ రెండు పొరల మధ్య ఉన్న బాల్సా అనే తేలిక చెక్కలోకో ప్లైవుడ్‌లోకో దిగి, అక్కడ అడుగులకు అడుగులు ప్రయాణించి, ఎక్కడో ఒక తీగ కంత దగ్గర బయటపడుతుంది. పైగా చాలా పడవల్లో తప్పు టేకుది కానే కాదు. రెయిలింగ్ కంబాల అడుగున, తాళ్లు కట్టే క్లీట్ల కింద, తెరచాప స్తంభాన్ని పట్టి ఉంచే లోహపు పట్టీలు డెక్‌లోంచి లోపలికి దిగే చోట, హ్యాచ్ చట్రం చుట్టూ వేసిన పాత సీలెంట్ ఎండిపోయి ఉంటుంది. నింద మాత్రం టేకు మీద పడుతుంది. అందుకే ముందు వాటిని పరీక్షించాలి.

పరీక్షకి ఇద్దరు కావాలి. వాన లేని రోజు చూసి, పడక మీద సీలింగు పలకలు ఊడదీసి, మీలో ఒకరు టార్చితో లోపల కూర్చోండి. డెక్ మీద మిగతా భాగమంతా ప్లాస్టిక్ షీటు, టేపుతో కప్పేసి, రెండు మూడు అడుగుల మేర మాత్రం తెరిచి ఉంచండి. ఎప్పుడూ పల్లం నుంచి మొదలుపెట్టి మెరక వైపు వెళ్లాలి. పై నుంచి మొదలుపెడితే నీరు కిందికి పారి అన్నీ ఒకేసారి తడుస్తాయి, ఏది కారుతోందో తేలదు. పైపు ధార పెట్టకుండా మగ్గుతో మెల్లగా పోస్తూ, ఒక్కో భాగానికి కనీసం పదిహేను నిమిషాలు ఓపిక పట్టండి. లోపల తడి కనిపించగానే ఆపి, పైన పక్కనే పొడిగా ఉన్న చోట టేపు ముక్క అంటించి పెన్సిల్‌తో రాయండి. ఒకటి దొరికింది కదా అని మానేయకండి, పాత పడవల్లో ఒక్క చోటే కారడం అరుదు.

సందుల్ని పట్టుకోవడానికి ఇంకో తేలిక దారి ఉంది. పొద్దున్నే డెక్ మొత్తం తడిపి, ఎండ ఎక్కుతూ ఉంటే దగ్గరగా కూర్చుని చూడండి. పట్టీల మధ్యభాగం ముందు ఆరిపోయి లేతరంగుకి వస్తుంది. కాకింగ్ పట్టు వదిలిన చోట నీరు సందులోకి దిగి ఉంటుంది కాబట్టి, ఆ అంచు వెంబడి సన్నని నల్లటి తడి గీత చాలాసేపు మిగిలిపోతుంది. పైకి చూస్తే కాకింగ్ బాగానే ఉన్నట్టుంటుంది. బొటనవేలితో పట్టీని ఒక పక్కకి నొక్కితే వెంట్రుకంత చీలిక తెరుచుకుంటుంది, కొన్నిసార్లు నీటి బుడగ కూడా పైకి వస్తుంది. ఆ గీతలు మాయమవక ముందే టేపు ముక్కలు అంటించుకుంటూ వెళ్లండి. ఈ పని మీ వారికి అప్పగించండి. సాండర్ పట్టుకుందామనుకున్న చేతులకి ఇంతకంటే మంచి పని లేదు.

తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో డెక్ అంతా తట్టి చూడండి. గట్టిగా ఉన్నచోట ఖణేల్‌మంటుంది. కింద పొర విడిపోయిన చోట, కుళ్లిన చోట మొద్దుగా పలుకుతుంది. అలాంటి చోట బిళ్ల తీసి, స్క్రూ విప్పి, ఆ కంతలోకి దూది పుల్ల దించి తిప్పండి. పొడిగా వస్తే మీ అదృష్టం. తడిగా, గోధుమరంగు మరకతో వస్తే లోపల పొర నానింది. మెత్తటి ముద్దలాంటిది అంటుకు వస్తే కుళ్లింది. ఎన్ని కంతల్లో ఏం వచ్చిందో కాగితం మీద డెక్ బొమ్మ గీసి గుర్తుపెట్టుకోండి. రేపు ఏ యార్డుకి వెళ్లినా ఆ కాగితం మీ చేతిలో ఉంటే, మొత్తం పీకేయాలని ఎవరైనా అన్నప్పుడు ఎక్కడెక్కడ అవసరమో మీరే చూపించగలరు.

ఊడిన బిళ్లల రిపేరు నిదానంగా, ఇష్టంగా చేసుకోవాల్సిన పని. స్క్రూ తిరగకపోతే బలవంతం చెయ్యకండి, తల అరిగిపోతుంది. సోల్డరింగ్ ఐరన్ మొనని స్క్రూ తల మీద ఒకటి రెండు నిమిషాలు ఆనిస్తే పాత జిగురు మెత్తబడి వదులుతుంది. ఆ చోట పట్టీ కింద ఫైబర్‌గ్లాస్‌కి గట్టిగా అతుక్కునే ఉంటే స్క్రూ మళ్లీ అక్కర్లేదు. కంత పూర్తిగా ఆరేదాకా ఆగి, లోపల ఎపాక్సీ జిగురు నింపి మూసేయండి, డెక్‌లోకి ఒక దారి శాశ్వతంగా మూసుకుంటుంది. పట్టీ వదులుగా ఉంటే మాత్రం ఎపాక్సీ గట్టిపడ్డాక చిన్న కంత వేసి, స్క్రూని సీలెంట్‌లో ముంచి, గుంటని ఇంకొంచెం లోతు చేసి బిగించండి.

కొత్త బిళ్ల పెట్టేటప్పుడు దాని చార, పట్టీ చార ఒకే దిక్కులో ఉండాలి. అడ్డంగా పెడితే రెండూ వేర్వేరుగా ఉబ్బి, బిళ్ల మళ్లీ ఊడుతుంది. కొద్దిగా ఎపాక్సీ రాసి, కొయ్య సుత్తితో మెల్లగా తట్టండి, అడుగు తాకగానే ఆపండి. మర్నాడు పైకి నిలిచిన భాగాన్ని ఉలితో కోసేటప్పుడు ఒక్క వేటుతో డెక్ మట్టానికి కొయ్యకండి. ముందు రెండు మిల్లీమీటర్ల ఎత్తున చిన్న చెక్కు తీసి చూడండి. కోత పైకి లేస్తోందా, కిందికి దిగుతోందా అన్నది అక్కడే తెలుస్తుంది. కిందికి దిగుతుంటే ఉలిని అవతలి పక్క నుంచి పట్టుకోండి. లేకపోతే బిళ్ల డెక్ మట్టం కంటే లోతుగా చీలి, చేసిన పనంతా వృథా అవుతుంది. చివర్లో ఆ బిళ్ల మీద మాత్రం వేలితో చిన్న సాండ్ పేపర్ ముక్క ఆడించండి. ఈ డెక్‌కి సాండ్ పేపర్ అంతవరకే.

సందుల విషయానికి వస్తే, నాలుగు ట్యూబులతో ఎంత దూరం వెళ్లగలరో లెక్క చూసుకోండి. మామూలు ట్యూబు 300 మిల్లీలీటర్లు. సందు ఐదు మిల్లీమీటర్ల వెడల్పు, ఐదు లోతు అయితే ఒక ట్యూబు 12 మీటర్లకు వస్తుంది. ఆరు, ఆరు అయితే ఎనిమిది మీటర్ల పైచిలుకు. వృథా పోయేది తీసేస్తే మీ నాలుగింటితో ముప్పై, నలభై మీటర్లు. మీ డెక్ మీద సందులు కొన్ని వందల మీటర్లు ఉంటాయి. కాబట్టి టేపు గుర్తులున్న సందుల్లో కూడా పడక పైవీ, తట్టినప్పుడు మొద్దుగా పలికిన చోట్లవీ ముందు పూర్తి చెయ్యండి. ట్యూబు మీద గడువు తేదీ చూడండి. ఈ వేడిలో కొన్ని నెలలు ఉన్న ట్యూబులు తేదీకి ముందే పాడవుతాయి. ఒక పాత చెక్క ముక్క మీద కాస్త పిండి రెండు మూడు రోజులు చూడండి. రబ్బరులా గట్టిపడకుండా జిగటగానే ఉంటే ఆ ట్యూబు డెక్‌కి వాడొద్దు.

పాత కాకింగ్‌ని రెండు అంచుల్లోనూ పదునైన కత్తితో కోసి, కొస వంచిన పాత స్క్రూడ్రైవర్‌తో లాగండి. సందు గోడల మీద పాతది పొరగా కూడా మిగలకూడదు. 80 నంబరు సాండ్ పేపర్‌ని మడిచి సందు లోపలే రుద్దండి. పొడి పీల్చేసి, అసిటోన్‌తో తుడవండి. టేకులో ఉన్న నూనె ఉపరితలం మీదికి వస్తే ఏ కాకింగూ అంటదు, అసిటోన్ దాన్ని తీసేస్తుంది. అసిటోన్ అయిపోతే గోళ్లరంగు తుడిచే సీసా వాడొద్దు, అందులో నూనెలు కలుపుతారు. శానిటైజర్ జెల్ కూడా వద్దు, అందులో గ్లిజరిన్ ఉంటుంది. తర్వాత సందు అడుగున కాకింగ్ అంటుకోని సన్నని టేపు పరచాలి. ప్రత్యేకమైనది లేకపోతే ప్లాస్టిక్ ప్యాకింగ్ టేపుని సందు వెడల్పుకి కోసుకోండి. ఈ టేపు దండగ అనుకుని చాలామంది వదిలేస్తారు. కాకింగ్ రెండు గోడలకే అంటుకుంటే, చెక్క ఉబ్బినా ముడుచుకున్నా దానితోపాటు సాగుతుంది. అడుగుకి కూడా అంటుకుంటే సాగడానికి వీల్లేక ఒక అంచు తెగుతుంది. ప్రైమర్ అవసరమో కాదో ట్యూబు మీద రాసి ఉంటుంది, అది చెప్పినట్టే చెయ్యండి. పాలీయురెథేన్, పాలీసల్ఫైడ్, సిలికాన్ కాకింగ్ రకాలు ఒకదాని మీద ఒకటి సరిగా అంటవు కాబట్టి పాతది పూర్తిగా తీసేసిన సందులోనే కొత్తది నింపండి.

నింపే పని మిట్టమధ్యాహ్నం వద్దు. వేడెక్కుతున్న చెక్కలోంచి గాలి బయటికొచ్చి కాకింగ్‌లో బుడగలు పుడతాయి. నాలుగైంది, చెక్క చల్లబడుతోంది అనుకున్నప్పుడు మొదలుపెట్టండి. ముక్కుని సందు అడుగుకి ఆనించి, గాలి మిగలకుండా కొంచెం పైకి పొంగేలా నింపి, పుట్టీ బ్లేడుతో నొక్కండి. ఇక్కడే పడవలో కాపురం ఉండేవాళ్లకి ఉండే ఇబ్బంది. లంకావిలో ఈ నెలల్లో సాయంత్రం వాన ఎప్పుడు దంచుతుందో చెప్పలేం, మీకు తల దాచుకోవడానికి ఇంకో ఇల్లు లేదు. అందుకని పొద్దున ఎన్ని మీటర్లు తెరుస్తారో సాయంత్రానికి అన్నీ మూసెయ్యాలి. మొదటిరోజు రెండు మీటర్లు మాత్రమే తెరిచి మీ వేగం చూసుకోండి. పని జరిగే భాగం మీద టార్పాలిన్‌ని గుడారంలా కట్టి ఉంచండి, అది కాకింగ్‌ని తాకకూడదు. పని ఎడమ వైపు ఉన్నన్నాళ్లూ నడక కుడి వైపే. అసిటోన్ వాడేటప్పుడు ఆ పక్క హ్యాచ్‌లు మూసి, గ్యాస్ స్టవ్ ఆపేయండి. దాని ఆవిరికి చటుక్కున అంటుకునే గుణం ఉంది, అది కిందికి దిగి పడవ అడుగున పేరుకుంటుంది.

నాన్నగారి తలుపుల మాట. గోదావరి మీద తెప్పలు కట్టి దించిన టేకుతో చేసిన తలుపులు మీ ఊళ్లో ఎన్ని ఇళ్లకు ఉన్నాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. వాటికి నూనె మంచిదే. తలుపు మందంగా ఉంటుంది, చూరు నీడలో ఉంటుంది, దాని మీద ఎవరూ నడవరు, నీరు నిలవదు. డెక్ మీద అదే నూనె కొన్ని వారాల్లో ఎండకి నల్లబడుతుంది, జిగటకి మురికి అంటుకుంటుంది, ఈ తేమలో బూజుకి ఆహారమవుతుంది. నల్లబడిన డెక్ వేడెక్కి అరికాళ్లు కాలతాయి. మళ్లీ రాయాలంటే ముందు పాతదాన్ని గట్టిగా రుద్ది తియ్యాలి, ఆ రుద్దడంలో చెక్క పోతుంది. పైగా నూనె ఉన్న అంచుకి కొత్త కాకింగ్ అంటదు. నూనె రాయాలని మనసుంటే లోపలి మెట్లకీ, బల్లకీ రాయండి. డెక్‌కి వద్దు. దాని బదులు ఒక మంచి గుడ్డ పందిరి కట్టుకోండి. లంగరు వేసినా, మరీనాలో ఉన్నా పగలంతా డెక్ మీద నీడ ఉంటే కాకింగ్ ఆయుష్షు పెరుగుతుంది, కింద గది చల్లబడుతుంది, వాననీరు పట్టుకునే వీలూ ఉంటుంది.

సాండర్ వద్దనడానికి ఇంకో కారణం మీ ఆరోగ్యం. టేకు పొడికి చాలామందికి చర్మం దద్దుర్లెక్కుతుంది, గొంతు మండుతుంది, పొడి దగ్గు వస్తుంది. ఈ రోజుల్లో దగ్గు వస్తే ఇంట్లో ఎంత టెన్షనో, చుట్టుపక్కల పడవలవాళ్లు ఎలా చూస్తారో మీకే తెలుసు. సందుల్లో చిన్న సాండింగ్‌కి కూడా ముక్కుకీ నోటికీ బిగుతుగా ఉండే మాస్కు పెట్టుకోండి, పొడి గాలిలో ఎగరకముందే వాక్యూమ్‌తో పీల్చేయండి. ఆ రోజు వేసుకున్న బట్టలతో పడక మీదికి వెళ్లకండి.

2020 జూన్ 10 నుంచి మలేషియాలో ఆంక్షలు సడలాయి కాబట్టి సామాను నెమ్మదిగా దొరకడం మొదలవుతుంది. తొందరపడి పడవని ఒడ్డుకెక్కించి డెక్ మార్పించే ఆలోచన ఇప్పుడు పెట్టుకోకండి. మంచి టేకు దొరకడం ఎప్పుడో కష్టమైంది. మియన్మార్ 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. ఉన్న టేకుని కాపాడుకోవడం కొత్తది వేయించడం కంటే ఎన్నో రెట్లు చవక. ఒకవేళ కొలతలు ఆరుకి తక్కువొచ్చి, దూది పుల్లకి తడి ఎక్కువచోట్ల అంటితే దారి వేరు. అప్పుడు ఆ భాగంలో టేకు తీసేసి, లోపలి పొర ఆరబెట్టి, ఫైబర్‌గ్లాస్ వేసి, జారకుండా ఉండే పెయింటు వెయ్యడమే మంచిది. పాత టేకు పడవలు చాలావాటికి చివరికి అదే చేశారు, అందులో చిన్నతనమేమీ లేదు. కానీ అది డిసెంబరు తర్వాత, వానలు తగ్గాక, యార్డులో చెయ్యాల్సిన పని. కాపురం ఉంటూ నీటి మీద చేసేది కాదు.

ఈ వారం కంబాల అడుగులూ, హ్యాచ్ చట్రమూ పరీక్షించండి. డెక్ బొమ్మ మీద మూడు సంగతులు రాసి నాకు పంపండి: మిగిలిన మందం, తట్టినప్పుడు మొద్దుగా పలికిన చోట్లు, దూది పుల్ల రంగు. మీ ట్యూబులు ఏ రకానివో కూడా రాయండి. పడక పైన ఏ సందు నుంచి మొదలుపెట్టాలో వాటిని బట్టి చెబుతాను. ఈలోగా వాన వస్తే పరుపు తడవకుండా, డెక్ మీద ఆ భాగాన్ని టార్పాలిన్‌తో కప్పి, అంచుల్ని టేపుతో కాకుండా తాళ్లతో బిగించండి. తడి టేకు మీద టేపు నిలవదు.